అక్కకి బదులు

వేసవి సెలవులిచ్చిన రోజు మధ్యాహ్నం మా వదినని స్కూలు కారులో తెచ్చి గుమ్మం ముందు దించారు. ఒక చేయి స్కూలు ఆయా పట్టుకుంది. రెండో చేత్తో వదిన తన హ్యాండ్‌బ్యాగును పొట్టకి అదుముకుని ఉంది.

"ఎండదెబ్బండీ. మార్కుల షీట్లు సర్దుతూ సర్దుతూ కూలబడిపోయారు," అంది ఆయా.

"ఎండదెబ్బే. పొద్దున చెప్పాను, గొడుగు పట్టుకెళ్ళమని," అంటూ మా అత్తగారు గబగబా వచ్చి రెండో భుజం అందుకుంది.

పొద్దుటి నుంచీ మబ్బు పట్టి ఉంది. ఆయా ఒకసారి ఆకాశంకేసి చూసి, వెళ్ళి కారెక్కింది.

వదిన అంటే మా వారి అక్క. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. మామగారు పోయాక ఇంటిని నిలబెట్టింది ఆవిడే. తమ్ముణ్ణి కాలేజీకి పంపింది, అతనికి చదువు అంటకపోతే డ్రైవింగ్ స్కూలు పెట్టించింది. తన పెళ్ళి మాట మాత్రం ఎవర్నీ ఎత్తనివ్వలేదు. సెలవులైపోయి బడి తెరిచే నాటికి ఆవిడ హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చోవాలి. పాతావిడ రిటైరైపోయింది, కమిటీవాళ్ళు మాటిచ్చేశారు.

ఆవిడ తాగుతుందని ఇంట్లో ముగ్గురికీ తెలుసు. తెలిసినట్టు ఏ ఒక్కరమూ అనలేదు. సీసా తెచ్చిపెట్టేది మా వారు. ఆ దుకాణం ముందు మగవాళ్ళ వరసలో ఒక మగవాడు నిలబడితే ఎవరికీ పట్టదు, టీచరమ్మ నిలబడితే ఊరు ఊరంతా ఆగి చూస్తుంది. ఖాళీ సీసాలు పాత క్వశ్చన్ పేపర్ల కట్టల వెనక ఉండేవి. వాటిని చెత్తబండిలోకి చేరవేయడం ఎవరూ పురమాయించకుండానే నా వంతుకొచ్చింది.

"సెలవులున్నాయిగా, మానేస్తాను. ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏముంది?" అంది వదిన ఆ సాయంత్రం, తల తుడుచుకుంటూ.

అన్న మాట ప్రకారం మానేసింది. మర్నాడంతా పట్టుదలగానే ఉంది. ఆ మరుసటి ఉదయం టీ కప్పు చేతిలో నిలవలేదు. కప్పు కింద పెట్టబోయి, తనే కింద పడింది. వంటింటి గచ్చు మీద మనిషి విల్లులా వంగిపోయి కొట్టుకుంటుంటే, మా అత్తగారు చేసిన మొదటి పని వెళ్ళి వీధి తలుపు వేసి రావడం.

పక్క వీధి డాక్టరు వచ్చి ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆయనకి ఎండదెబ్బ కథ చెప్పబోయింది అత్తగారు. ఆయన వినలేదు. "ఏళ్ళ తరబడి తాగినవాళ్ళు ఉన్నపళంగా ఆపితే ఇంతేనమ్మా. ప్రాణం మీదికొస్తుంది. ఇది ఇంట్లో చేసే వైద్యం కాదు. ఎక్కడైనా సెంటరులో చేర్పించండి," అన్నాడు.

"కాలేజీ చదువు చదివావుగా, నువ్వు కనుక్కో," అంది అత్తగారు నాతో. నా చదువు ఆ ఇంట్లో పనికొచ్చిన మొదటి సందర్భం అదే.

ఫోను పట్టుకుని కూర్చున్నాను. మొదటి చోట ఎత్తినతను మర్యాదగానే మాట్లాడాడు.

"పేషెంటు మీ ఆయనామ్మా?"

"కాదండీ. మా వదిన."

"వదినంటే... ఆడమనిషా?"

"వదినంటే ఆడమనిషేనండీ."

"మాది మగవాళ్ళకేనమ్మా," అని పెట్టేశాడు.

రెండో చోట ఒకామె, ఆడవాళ్ళకి గది కట్టలేదనీ, అలాంటివాళ్ళు వస్తారని అనుకోలేదనీ చెప్పింది. మూడో చోట "తీసుకొచ్చి పడెయ్యండి, కట్టేసైనా మాన్పిస్తాం," అన్నాడొకాయన. ఆయన మాట్లాడుతున్నంతసేపూ వెనక ఎవరో తలుపు బాదుతున్నారు. పెద్ద నగరంలో ఆడవాళ్ళకి మంచాలున్న చోటు ఒకటి దొరికింది గానీ, అక్కడ ఖాళీ వచ్చేది బళ్ళు తెరిచాకే.

చివరికి తేలింది మా ఊళ్ళో పెద్దాసుపత్రి. పళ్ళ డాక్టరు గది పక్కన వారానికోసారి దీనికోసమే ఒక డాక్టరమ్మ కూర్చుంటుందట. వెళ్ళాం. బెంచీ నిండా మగవాళ్ళు, పక్కన వాళ్ళ భార్యలు. వదిన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, పళ్ళెలా తోముకోవాలో చూపించే పోస్టరు ఎదురుగా నిలబడి శ్రద్ధగా చదువుతోంది. తలుపు దగ్గరున్న వార్డు మనిషి మా ముగ్గురినీ ఒకసారి చూశాడు. మా వారితో, "నువ్వేగా? లోపలికి పో. ఆడవాళ్ళు బయట కూర్చోండి," అన్నాడు.

ఆయన అక్కకేసి చూశారు. అక్క పోస్టరు మీంచి కళ్ళు తిప్పలేదు. ఆయన లేచి లోపలికి వెళ్ళారు.

కాసేపటికి లోపల్నించి డాక్టరమ్మ గొంతు వినిపించింది. "పేషెంటు బయట పళ్ళు తోముకోవడం నేర్చుకుంటుంటే, నేను మీకు మందిచ్చి ఏం చెయ్యను?" ఆవిడే లేచొచ్చి వదిన భుజం తట్టి లోపలికి తీసుకెళ్ళింది.

"ఒక వారం ఇక్కడే పడుకోబెడితే మంచిది," అంది పరీక్ష చేశాక.

"ఇక్కడి నర్సుల పిల్లలు నా క్లాసులో ఉన్నారు," అంది వదిన.

"అయితే?"

"మీకర్థం కాదు."

"నాకర్థం కానక్కర్లేదు. మీకు మళ్ళీ ఫిట్స్ రాకుండా ఉంటే చాలు." డాక్టరమ్మ నావైపు తిరిగింది. "మాత్రలు మీ చేత్తో ఇవ్వాలి. రాసినట్టు తగ్గించుకుంటూ రావాలి. రోజూ పొద్దున తీసుకొచ్చి నాకో, నా కింద ఉన్నవాళ్ళకో చూపించాలి." మళ్ళీ వదిన వైపు తిరిగింది. "మాత్రలు పనిచేసేది ఒళ్ళు కుదుటపడే వరకే. ఆదివారాలు మీటింగు జరుగుతుంది, మీలాంటివాళ్ళంతా వచ్చి మాట్లాడుకుంటారు. దానికి వెళ్ళకపోతే వానలు పడేలోపు మళ్ళీ ఇదే బెంచీ మీద ఉంటారు."

మీలాంటివాళ్ళు అన్న మాట దగ్గర వదిన కళ్ళద్దాలు సర్దుకుంది.

తర్వాతి రోజులు నాకు ఒకదాంట్లోంచి ఒకటి విడదీయడానికి రావు. దుప్పట్లు పిండితే నీళ్ళు కారేంత చెమట. గోడ మీద చీమలు పాకుతున్నాయని ఆవిడ గోడని అరచేత్తో తుడవడం. మాత్ర ఇస్తుంటే నా చేతి మీద కొట్టడం. "నీకు సరదాగా ఉంది కదూ, నన్నిలా చూడటం," అందొకసారి. సరదాగా లేదు వదినా, నడుం నొప్పిగా ఉంది, అన్నాను. ఆవిడ అంతటిలోనూ నవ్వింది. మా మధ్య పదేళ్ళలో అలాంటి నవ్వు అదొక్కటే.

ఆ చేతిలో చెంచా నిలిచింది. తర్వాత పెన్ను నిలిచింది. ఇక ఆదివారం మీటింగు మిగిలింది.

మీటింగు పశువుల ఆసుపత్రి వెనక హాల్లో. ఊళ్ళో ఇంకెవ్వరూ గది ఇవ్వలేదట. నడిపేది టైర్ల షాపాయన. ఆయన తాగి ఒక షాపు పోగొట్టుకుని, మాని రెండో షాపు పెట్టినవాడు.

"నేను వెళ్ళను. అక్కడ సగంమంది నా పిల్లల తండ్రులే ఉంటారు," అంది వదిన.

"నేను వెళ్ళి విని వచ్చి చెప్తాలే అక్కా," అన్నారు ఈయన.

వదిన ఒప్పుకోలేదు. "ఊరికే విని వస్తే లాభం లేదు. మనం మనది చెప్తేనే వాళ్ళు దానికి తగ్గది చెప్తారు. నువ్వు చెప్పు. నీదే అన్నట్టు చెప్పు."

"ఇదేం పని? ఆయన ఎన్నడూ ముట్టినవారు కాదు," అన్నాను.

"అందుకేగా ధైర్యంగా వెళ్ళొచ్చు," అంది అత్తగారు. "మగాడు తాగాడంటే రెండు రోజులు నవ్వి మర్చిపోతారు. అది తాగిందంటే కుర్చీ పోతుంది, ఉద్యోగం పోతుంది, నా పరువు పోతుంది."

ఆయన వెళ్ళారు. తిరిగొచ్చేసరికి వదిన భోజనాల బల్ల దగ్గర సిద్ధంగా కూర్చుని ఉంది.

"ఏం చెప్పావు?"

"రోజూ సాయంత్రం తాగేవాణ్ణని చెప్పాను."

"సాయంత్రం ఎవరు చెప్పమన్నారు? పొద్దున. ప్రేయరు బెల్లుకి ముందు, స్టాఫ్ రూము బాత్రూములో."

"నాకు స్టాఫ్ రూము ఎక్కడిదక్కా?"

"మెకానిక్ షెడ్డు అని చెప్పు. పొద్దున అన్నది ముఖ్యం. పొద్దున తాగేవాడి సంగతి వేరు, సాయంత్రం తాగేవాడి సంగతి వేరు. నువ్వు లెక్క తప్పు చెప్తే వాళ్ళిచ్చే జవాబు కూడా తప్పే వస్తుంది."

అలా మొదలైంది. శనివారం సాయంత్రం ఆవిడ చెప్పేది, ఈయన అప్పజెప్పేవారు. ఆదివారం మధ్యాహ్నం ఈయన చెప్పేవారు, ఆవిడ దిద్దేది. చేతులు వణకడం ఎక్కడ మొదలవుతుందో, వాసన పోవడానికి ఏం నమిలేదో, సీసా అయిపోవస్తుంటే కడుపులో ఎలా ఉంటుందో. ఎదుటివాళ్ళేం చెప్పారని అడిగి, కళ్ళు మూసుకుని వినేది. ఆ వినడంలో నటన లేదు. టైర్ల షాపాయన చెప్పాడని పొద్దున లేవగానే నడకకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒంటిగా కూర్చోవద్దన్నారని సాయంత్రాలు నా పక్కన కూరగాయలు తరిగేది. బాగుపడింది. అది నిజం, ఆ నిజం నేను కాదనను.

ఒకసారి ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురమ్మన్నారట. నేను వెళ్ళాను. గోడకి ఆవు పొట్టలోని భాగాల పటం వేలాడుతోంది. దాని కింద ఈయన లేచి నిలబడ్డారు.

"అసలెందుకు మొదలైందని అడిగారు పోయినవారం. ఆలోచించుకొచ్చాను. ఇంట్లో అందరికీ అన్నీ నేనే చూడాలి. పొద్దున లేస్తే ఎవరికో ఏదో కావాలి. తాగిన ఆ కాస్తసేపే నన్నెవరూ ఏమీ అడగరు. అడిగినా నాకు వినిపించదు. దానికోసం తాగానండీ."

ఒక ముసలాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. మిగతావాళ్ళందరూ తలలు తిప్పి నన్ను చూశారు. అదిగో, ఈవిడే, పొద్దున లేస్తే అడిగే మనిషి. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. నా పక్కనున్నావిడ నా చేతి మీద చెయ్యి వేసి, "నేనూ అలాగే సాధించేదాన్నమ్మా. తగ్గించుకున్నాను," అంది.

దారిలో ఆయన, "అక్క మాటలు అవి. నీ గురించి కాదు," అన్నారు.

"తెలుసు. వాళ్ళకి తెలియదుగా," అన్నాను.

ఆ హాల్లో విన్నది ఆ హాల్లోనే ఉండాలని వాళ్ళ నియమం. ఒక్కరు కూడా తప్పలేదు. పరాయివాళ్ళు అంతమంది కడుపులో పెట్టుకున్నదాన్ని బయటపెట్టింది మా అత్తగారు.

ఎదురింటి టైలరు భార్య పన్ను పీకించుకోవడానికి పెద్దాసుపత్రికి వెళ్ళి, ఆ గదిలోంచి వస్తున్న వదినని చూసింది. చూసినావిడ ఊరుకుంటుందా. అత్తగారిని గేటు దగ్గర పట్టుకుంది. నేను పెరటివైపు బట్టలారేస్తున్నాను, మాటలన్నీ వినబడుతున్నాయి.

"పెద్దమ్మాయికి ఒంట్లో బాగాలేదా పిన్నిగారూ? అటు, ఆ తాగుబోతుల డాక్టరు దగ్గర కనిపించింది."

అత్తగారు క్షణం కూడా తడుముకోలేదు. "దానికెందుకమ్మా, దానికేం రోగం. మావాడి కోసం తిరుగుతోంది పాపం. వాడికి కాస్త అలవాటు. అక్క కాబట్టి ఓర్చుకుని చూస్తోంది."

"అయ్యో, డ్రైవింగు మాస్టారికే? చూస్తే అలా ఉండరే."

"చూస్తే ఎవరు తెలుస్తారమ్మా."

తడిబట్ట చేతిలో పట్టుకునే వెళ్ళాను. "అత్తయ్యా, ఆయన పని కార్లతో."

"అయితే ఏమిటంట? మీ నాన్న తాగలేదూ? మీ ఇల్లేమన్నా మునిగిందా?"

"మా నాన్న ఎవరికీ కారు నడపడం నేర్పలేదు అత్తయ్యా."

ఆవిడ నా చేతిలో బట్టని చూసి, "నీళ్ళు కారుతున్నాయి, గచ్చు పాడవుతుంది," అంది.

మా వారి దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. పొద్దున్నే ఖాళీ మైదానంలో పెంకుముక్కలు పేర్చి, వాటి మధ్యనుంచి వెనక్కి నడిపిస్తారు. ఆయన వైపు ఇంకో బ్రేకు ఉంటుంది. దాని మీద కాలు పెట్టుకుని, గొంతెత్తకుండా, "కంగారేం లేదమ్మా, బండి మన మాట వింటుంది," అంటారు. ఆ నెమ్మది చూసే మొగుళ్ళు పెళ్ళాలని, తండ్రులు కూతుళ్ళని పంపేవారు.

ముందు స్టేషనరీ షాపువాళ్ళ కోడలు రావడం మానేసింది. తర్వాత ఒక తండ్రి వచ్చి, అమ్మాయికి పరీక్షలున్నాయన్నాడు. "సెలవుల్లో పరీక్షలేమిటండీ?" అన్నారు ఈయన. ఆయన నవ్వేసి వెళ్ళిపోయాడు. ఇంకొకాయన భార్యతో పాటు వెనక సీట్లో ఎక్కి, ముందుకి వంగి, "మాస్టారూ, ఒకసారి ఏదన్నా మాట్లాడండి," అన్నాడట. వాసన కోసమని అర్థమై, ఈయన ఆయనవైపు తిరిగి గట్టిగా ఊపిరి వదిలారట. అది చెప్తూ ఇంట్లో నవ్వారు కూడా. ఆ తర్వాత పుదీనా బిళ్ళ వేసుకుంటే వాసన దాచుకుంటున్నాడన్నారు. వేసుకోకపోతే దగ్గరికొచ్చి చూశారు. కారు గేటు లోపలే ఉండిపోవడం మొదలైంది. ఆయన రోజూ దాన్ని తుడిచేవారు.

"నిజం చెప్పేద్దాం," అన్నాను.

"బడి తెరవనీ. అక్క కుర్చీలో కూర్చోనీ. తర్వాత అక్కే ఏదో ఒకటి చేస్తుంది. స్కూలు బస్సుకి డ్రైవరు కావాలంటున్నారు, అక్క ఒక్క మాటంటే చాలు," అన్నారు.

బడి తెరిచే వారం స్కూలు కమిటీ సెక్రటరీ మా ఇంటికొచ్చాడు. వదిన ముందుగదిలో కూర్చోబెట్టింది. మనిషి తేలిగ్గా, కడిగినట్టు ఉంది. నేను టీ తీసుకెళ్ళేసరికి కబుర్లయిపోయి అసలు విషయంలోకి వచ్చారు.

"మీ గురించి మాకు రెండో మాట లేదు మేడమ్. కాకపోతే మీ తమ్ముడుగారి సంగతి... ఆదివారం మీటింగు హాలుకి వెళ్తుంటే ఎవరో చూశారట. రేపు పేరెంట్లు అడిగితే ఏం చెప్పాలా అని."

నేను కప్పులు బల్ల మీద పెడుతున్నాను. కిటికీ అవతల ఈయన కారు అద్దం తుడుస్తున్నారు. కిటికీ తీసే ఉంది.

వదిన చక్కెర కలుపుకుంది. చెంచా తీసి సాసర్లో పెట్టింది. చెయ్యి ఏమాత్రం వణకలేదు.

"ఇప్పుడు మానేశాడండి," అంది. "నేనే దగ్గరుండి మాన్పించాను."

"అదీ. అలా చెప్పండి," అన్నాడు సెక్రటరీ. ముఖం విప్పారింది. "సెలవులన్నీ ఇందుకే ధారపోశారన్నమాట. ఇంట్లోవాళ్ళని దారిలో పెట్టగలిగినవాళ్ళే బడిని నడపగలరు. ఈ మాట నేను కమిటీలో చెప్తాను. మరి బస్సు డ్రైవరుగా ఆయన అప్లికేషను పెట్టారు కదా, అదేం చేద్దామంటారు?"

"వద్దండీ," అంది వదిన. "పిల్లల సంగతి కదా. ఒక ఏడాది పోనివ్వండి, చూద్దాం. నా తమ్ముడని రూలు మార్చకూడదు."

కిటికీ అవతల గుడ్డ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అద్దం మీద తిరగడం మొదలుపెట్టింది.

సెక్రటరీ వెళ్ళాక వదిన వంటింట్లోకొచ్చింది. "ఇంకేం చెప్పమంటావు? నువ్వయితే ఏం చెప్పేదానివి?" అంది. నేను అడగలేదు. కప్పులు కడుగుతున్నాను.

"ఆయన విన్నారు," అన్నాను.

"వాడు అర్థం చేసుకుంటాడు," అంది. ఆ మాటా అబద్ధం కాదు. ఆయన అర్థం చేసుకున్నారు. ఆ పూట భోజనం దగ్గర, "అక్క ముఖం ఎంత తేటగా ఉందో చూశావా," అన్నారు.

బడి తెరిచారు. వదిన కుర్చీలో కూర్చుంది. అత్తగారు ఎదురింటావిడకి బళ్ళో కూతురికిచ్చిన గదిలో ఫ్యాను ఎంత పెద్దదో వర్ణించి చెప్పింది. కారు అమ్మేశాం. టైర్ల షాపాయన ఈయన్ని పిలిచి తన దగ్గర పనిలో పెట్టుకున్నాడు. మానినవాణ్ణి మనం కాకపోతే ఎవరాదుకుంటారు, అన్నాడట అందరి ముందూ. ఈయన చేతులు నల్లబడ్డాయి. గోళ్ళ సందుల్లో నలుపు సబ్బుకి పోదు.

మొదటి వాన పడ్డ ఆదివారం, ఆయన చొక్కా వేసుకుని గొడుగు కోసం వెతుకుతున్నారు. వదిన తన గదిలో టైంటేబుల్ వేసుకుంటోంది. శనివారం పాఠాలు ఎప్పుడో ఆగిపోయాయి. మీటింగులో ఎవరేమన్నారని ఆవిడ అడగడమూ మానేసింది.

"ఇంకా ఎందుకు వెళ్ళడం?" అన్నాను. "ఆవిడ బాగుంది. వినేవాళ్ళెవరూ లేరు. ఈ ఒక్క ఆదివారమైనా ఇంట్లో ఉండండి."

ఆయన గొడుగు తెరిచి, ఒకసారి విదిలించి, గుమ్మం దిగారు.

"ఒక్క వారం వెళ్ళకపోయినా," అన్నారు, "మళ్ళీ మొదలుపెట్టాననుకుంటారు."